ఫోన్లో ఉన్నంత మాత్రాన బోర్డు మీటింగుకు హాజరైనట్టేనా?

ప్రశ్న: గుంటూరు దగ్గర మా నాన్నగారు పెట్టిన మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నాన్నగారు పోయాక పెద్దన్నయ్య, వదిన, చిన్నన్నయ్య, నేను, నలుగురం డైరెక్టర్లం. నా పేరున 22 శాతం షేర్లున్నాయి. నేను డాలస్‌లో ఉంటాను. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు ఆఫీసులో ఒక బోర్డు మీటింగులో కూర్చుని సంతకం పెట్టాను. తర్వాత అంతా ఫోన్ మీదే నడుస్తోంది. రెండు వారాల కిందట ఫ్యామిలీ గ్రూపులో పెద్దన్నయ్య “శనివారం అందరం ఒకసారి మాట్లాడుకుందాం” అని మెసేజ్ పెట్టాడు. వాట్సాప్‌లో గ్రూప్ కాల్ చేశారు, వీడియో కూడా లేదు. ఇండియాలో పగలు 11 గంటలు, నాకు రాత్రి పన్నెండున్నర. బాబుకి జ్వరం, నేను సగం వినలేదు. రెండో ఛాంబర్ కట్టాలి, బ్యాంకు లోను తీసుకుందాం అన్నారు, ‘ఊఁ’ అన్నాను. 11 నిమిషాలకు లైన్ కట్ అయింది. మొన్న మంగళవారం ఈమెయిల్‌లో డ్రాఫ్ట్ మినిట్స్, అంటే మీటింగులో ఏం జరిగిందో రాసిన చిత్తుప్రతి, వచ్చాయి. నేను ‘వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరయ్యాను’ అని రాశారు. 3 కోట్ల లోనుకూ, పెద్దన్నయ్యకూ వదినకూ కొత్త షేర్లు కేటాయించడానికీ అందరం ‘ఏకగ్రీవంగా’ ఒప్పుకున్నామని ఉంది. షేర్ల మాట ఆ కాల్‌లో రానే లేదు. ఇలా ఫోన్లో తీసుకున్న నిర్ణయాలు చెల్లుతాయా? అన్నయ్య మీద కోర్టుకెక్కడం నాకిష్టం లేదు. కానీ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, డాలస్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ముందుగా నా కళ్లు ఆగింది ‘మొన్న మంగళవారం’ అన్న మాట దగ్గర. అందుకే మీకు విడిగా మెయిల్‌లో రెండు ముక్కలు అప్పుడే రాసి పంపాను. ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే అక్కడ ఉంటూ ఇక్కడి కుటుంబ కంపెనీల్లో పేరుకు డైరెక్టర్లుగా ఉన్న మనవాళ్లు చాలామంది ఇదే చిక్కులో పడుతున్నారు.

మంగళవారం ఎందుకంటే, వీడియో ద్వారా జరిగిన మీటింగయితే డ్రాఫ్ట్ మినిట్స్ 15 రోజుల్లోగా డైరెక్టర్లందరికీ పంపాలి. మీటింగుకు హాజరైనవాళ్లు అవి అందిన 7 రోజుల్లో, లేదా బోర్డు పెట్టిన మరో సమంజసమైన గడువులో, సరిగా ఉన్నాయనో లేవనో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. 2014 నాటి బోర్డు మీటింగుల రూల్స్‌లో మూడో రూలు చెప్పేది ఇది. మిమ్మల్ని హాజరైనట్టు రాశారు కాబట్టి ఇప్పుడు గడియారం తిరుగుతున్నది మీ మీద. వచ్చే సోమవారం లోపు మీ జవాబు వెళ్లిపోవాలి. గడువు దాటితే దారులన్నీ మూసుకుపోతాయని కాదు, కానీ ఆ తర్వాత ప్రతిచోటా “అప్పుడెందుకు మాట్లాడలేదు” అనే ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ ఉండాలి.

మౌనంగా ఉండకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కంపెనీ చట్టం తప్పుకు బాధ్యులైన అధికారి ఎవరో చెప్పేచోట, తప్పు జరిగిందని మినిట్స్ అందుకోవడం ద్వారా తెలిసిన డైరెక్టరును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ‘నేను అక్కడ లేను, నాకేం సంబంధం’ అనడానికి ఆ మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన క్షణం నుంచీ కుదరదు.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న. చట్టం ఫోన్ కాల్‌ను బోర్డు మీటింగుకు హాజరుగా ఒప్పుకోదు. 2013 కంపెనీల చట్టం 173వ సెక్షన్, రెండో సబ్‌సెక్షన్ ప్రకారం డైరెక్టరు స్వయంగా రావచ్చు, లేదా వీడియో కాన్ఫరెన్స్ వంటి చూసి, వినగలిగే సాధనం ద్వారా పాల్గొనవచ్చు. ఆ సాధనం డైరెక్టరు పాల్గొన్నట్టు గుర్తించి నమోదు చేయగలగాలి. మీటింగంతా తేదీ, సమయంతో సహా రికార్డు చేసి దాచగలగాలి. రూల్స్‌లో ఇంకాస్త విడమర్చి, పాల్గొన్నవాళ్లందరూ మధ్యవర్తి లేకుండా ఒకరితో ఒకరు ఒకే సమయంలో మాట్లాడుకోగలగాలని, ఒకరినొకరు స్పష్టంగా చూడగలగాలి, వినగలగాలి అని చెప్పారు. మీ కాల్‌లో చూపు లేదు, రికార్డు లేదు. మీరు ‘ఊఁ’ అన్నది అన్నయ్యతో చెల్లెలు అన్న మాటే తప్ప, బోర్డులో డైరెక్టరు వేసిన ఓటు కాదు.

ఈ వీడియో వెసులుబాటు మొన్న కరోనాతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు. 2011లోనే కంపెనీ వ్యవహారాల శాఖ సర్క్యులర్‌తో మొదలై, 2014 ఏప్రిల్ 1 నుంచి చట్టంలోనే చేరింది. కరోనా మార్చింది వేరే విషయాన్ని. అంతకుముందు వార్షిక లెక్కలు ఆమోదించడం, కంపెనీల విలీనం లాంటి కొన్ని పెద్ద అంశాలను వీడియోలో తేల్చడానికి వీల్లేదని నాలుగో రూలు ఉండేది. 2020 మార్చి 19న దాన్ని తాత్కాలికంగా సడలించారు, ఆ సడలింపును పొడిగిస్తూ వచ్చారు, చివరికి 2021 జూన్ 15న ఆ రూలునే తీసేశారు. ఇప్పుడు వీడియోలో తీసుకోకూడని నిర్ణయమంటూ రూల్స్‌లో లేదు. కానీ ఇంత సడలించినా వీడియో స్థానంలో ఉత్త ఫోన్ చాలు అని మాత్రం ఎక్కడా చెప్పలేదు.

“అయితే ఆ తీర్మానాలు చెల్లనట్టేగా?” అని మీరు వెంటనే అంటారు. ఇక్కడే కాస్త నిదానించాలి. ఫోన్లో ఉండటం హాజరు కాదని రుజువు చేస్తే మీరు గైర్హాజరైనట్టు అవుతుంది, అంతే. మీటింగు దానంతట అది రద్దు కాదు. బోర్డుకు కోరం, అంటే మీటింగు చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మీ నలుగురిలో ఇద్దరు చాలు. పెద్దన్నయ్య, వదిన ఆఫీసులో పక్కపక్కన కూర్చుని ఉంటే కోరం ఉందని వాళ్లు అనగలరు. ఈ మెలిక తెలియక చాలామంది “ఫోన్ మీటింగు చెల్లదు” అనే ఒక్క వాదనతో వెళ్లి, తిరిగి వచ్చి దిగులుపడతారు.

మీకు బలం నోటీసులో ఉంది. బోర్డు మీటింగుకు కనీసం 7 రోజుల ముందు ప్రతి డైరెక్టరుకూ, కంపెనీలో నమోదైన చిరునామాకు, రాతపూర్వకంగా నోటీసు వెళ్లాలి. చేతికివ్వొచ్చు, పోస్టులో పంపొచ్చు, ఈమెయిల్‌లోనూ పంపొచ్చు. అర్జెంటు పని ఉంటే గడువు తగ్గించుకోవచ్చు, కానీ నోటీసే లేకుండా చేయడానికి లేదు. వీడియో ద్వారా పాల్గొనే అవకాశం ఉందని, ఎలా పాల్గొనాలో కూడా అందులో చెప్పాలి. “శనివారం అందరం ఒకసారి మాట్లాడుకుందాం” అని పండగ ఫొటోల మధ్య, మేనకోడలి పుట్టినరోజు శుభాకాంక్షల కింద వచ్చిన మెసేజ్ నోటీసు ఎలా అవుతుంది? అందులో బోర్డు అన్న మాట లేదు, అజెండా లేదు, మీటింగు ఎక్కడో లేదు.

దీని మీద సుప్రీంకోర్టు 1973లో పరమేశ్వరి ప్రసాద్ గుప్తా కేసులో తేల్చి చెప్పింది. ఒక కంపెనీ జనరల్ మేనేజరును తొలగిస్తూ బోర్డు తీర్మానం చేసింది. డైరెక్టర్లలో ఒకరికి ఆ మీటింగు నోటీసు అందలేదు. ఒక్కరికి నోటీసు ఇవ్వకపోయినా ఆ మీటింగులో చేసిన తీర్మానం చెల్లదని కోర్టు అంది. మీ కేసుకు ఇది సరిగ్గా సరిపోతుంది.

కానీ ఆ తీర్పు చివరిదాకా చదవాలి. ఆ కంపెనీ బోర్డు తర్వాత సక్రమంగా మరో మీటింగు పెట్టి, ముందు చేసిన పనిని ఖాయం చేసింది. అలా ఖాయం చేయడం చెల్లుతుందని కూడా అదే తీర్పు చెప్పింది. అంటే రేపు మీ అన్నయ్య 7 రోజుల నోటీసు ఇచ్చి, మళ్లీ మీటింగు పెట్టి లోను తీర్మానాన్ని ఖాయం చేసుకోవచ్చు. లోను నిజంగా రెండో ఛాంబర్ కోసమే అయితే, మిర్చి సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుకోవడానికి జాగా చాలక బయటికి పంపేస్తున్న మాట నిజమే అయితే, అందులో మీరు అడ్డుపడాల్సింది కూడా ఉండకపోవచ్చు. అడగాల్సిందల్లా, వడ్డీ ఎంత, తాకట్టు ఏమిటి, నాకు కాగితాలు చూపించండి అని. ఒక మాట కూడా గుర్తుంచుకోండి, అప్పు తీసుకునే తీర్మానాన్ని డైరెక్టర్లకు కాగితం తిప్పి సంతకాలు పెట్టించుకుని చేయడానికి లేదు. అది 179వ సెక్షన్ ప్రకారం బోర్డు మీటింగులోనే చేయాలి.

షేర్ల సంగతి వేరు. నన్నడిగితే మీరు నిద్ర పాడుచేసుకోవాల్సింది దాని గురించే. ఎందుకంటే అక్కడ బోర్డు ఎన్ని మీటింగులు సక్రమంగా పెట్టినా ఒక్క బోర్డు తీర్మానంతో పని జరగదు. కొత్త షేర్లు ఇవ్వాలంటే 62వ సెక్షన్ ప్రకారం మామూలు దారి ఏమిటంటే, ఉన్న వాటాదారులందరికీ ఎవరి వాటా ప్రకారం వాళ్లకు రాతపూర్వకంగా ఆఫర్ పంపాలి. మీ 22 శాతం మీద మీకూ రావాలి. అది కాక, ఎంచుకున్న ఇద్దరికే ఇవ్వాలంటే వాటాదారుల సమావేశం పెట్టి స్పెషల్ రిజల్యూషన్ నెగ్గించుకోవాలి, రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత షేరు ధర కట్టించాలి. స్పెషల్ రిజల్యూషన్ నెగ్గాలంటే అనుకూలంగా పడిన ఓట్లు వ్యతిరేక ఓట్లకు మూడు రెట్లకు తగ్గకూడదు. చిన్నన్నయ్య వాటా ఎంతో మీరు రాయలేదు. మీ ఇద్దరిదీ కలిపి 25 శాతం దాటి, ఇద్దరూ వ్యతిరేకిస్తే ఆ తీర్మానం నెగ్గదు. ఆయన కూడా మీలాగే ఫోన్లోనే ఉన్నారా? ఆయనకూ షేర్ల మాట చెప్పలేదా? ముందు ఆయనకు ఫోన్ చేసి కనుక్కోండి.

ఇప్పుడు జవాబు మెయిల్ సంగతి. దాన్ని నమోదైన మీ ఈమెయిల్ ఐడీ నుంచే కంపెనీకీ, డైరెక్టర్లందరికీ పంపండి, కంపెనీ ఆడిటర్‌కు కాపీ పెట్టండి. కోపం వద్దు, పాత గొడవలు వద్దు, నాన్నగారి ప్రస్తావన వద్దు. ఇంగ్లీషులోనే రాసుకోండి, సారాంశం మాత్రం ఇలా ఉండాలి:

“మీరు పంపిన డ్రాఫ్ట్ మినిట్స్‌తో నేను ఏకీభవించడం లేదు. ఆ తేదీన బోర్డు మీటింగు ఉందని నాకు నోటీసు గానీ అజెండా గానీ రాలేదు. నేను పాల్గొన్నది వాట్సాప్ వాయిస్ కాల్, 11 నిమిషాలు. వీడియో లేదు. నేను వీడియో కాన్ఫరెన్స్ ద్వారా హాజరయ్యానన్న మాట నిజం కాదు. షేర్ల కేటాయింపు ఆ కాల్‌లో చర్చకు రాలేదు, నేను దానికి ఒప్పుకోలేదు. వీడియో కాన్ఫరెన్స్ జరిగి ఉంటే దాని రికార్డింగ్ నాకు పంపండి. ఈ అభ్యంతరాన్ని మినిట్స్‌లో నమోదు చేయండి.”

రికార్డింగ్ పంపమన్న ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఎవరేమన్నా తీసేయకండి. వీడియోలో జరిగిన బోర్డు మీటింగు రికార్డింగును ఆ ఏడాది ఆడిట్ పూర్తయ్యేదాకా కంపెనీ రికార్డుల్లో భద్రంగా ఉంచాలని రూలు. చైర్మనుదీ, కంపెనీ సెక్రటరీ ఉంటే ఆయనదీ ఆ బాధ్యత. మినిట్స్‌లో ‘వీడియో కాన్ఫరెన్స్’ అని రాసుకున్నవాళ్లు రికార్డింగ్ చూపించాలి. లేని రికార్డింగును ఎవరూ చూపించలేరు. మినిట్స్ తారుమారు చేసినట్టు తేలితే 118వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా కూడా ఉన్నాయి. మెయిల్‌లో ఆ మాట ఎత్తాల్సిన పని లేదు. వాళ్ల ఆడిటరే చదివి చెబుతాడు.

మీ ఫోన్లోని కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ఈ రోజే. తేదీ, ఎంతసేపు, వాయిస్ కాలా వీడియో కాలా అన్నది అందులో కనిపిస్తుంది. ఫ్యామిలీ గ్రూపులో ఆ మెసేజ్‌ను కూడా దాని పైనా కిందా ఉన్నవాటితో కలిపి తీయండి, అది ఎలాంటి సందర్భంలో వచ్చిందో చదివినవాళ్లకు తెలియాలి. మినిట్స్‌లో మీటింగు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందని రాశారో చూడండి. ముప్పావుగంట అని రాసి ఉంటే, మీ లాగ్‌లోని 11 నిమిషాలే వాళ్లకు జవాబు చెబుతాయి.

బ్యాంకు విషయంలో ఆలస్యం చేయవద్దు. బ్యాంకు లోను ఇచ్చేముందు బోర్డు తీర్మానం కాపీ అడుగుతుంది. ఆ కాగితం నమ్మి మంచి ఉద్దేశంతో డబ్బు ఇచ్చేస్తే, లోపల మీటింగు సరిగా జరగలేదన్న కారణంతో ఆ బ్యాంకును తప్పుపట్టడం కష్టం. బయటివాళ్లు కంపెనీ ఇంటి గుట్టు తెలుసుకోనక్కర లేదన్నది 1856 నాటి ఒక ఇంగ్లండు తీర్పు నుంచీ కోర్టులు పాటిస్తున్న సూత్రం. కానీ ముందే తెలిసిన బ్యాంకుకు ఆ రక్షణ ఉండదు. లోను ఇంకా విడుదల కాకపోతే, తీర్మానం మీద మీకు అభ్యంతరం ఉందని బ్రాంచి మేనేజరుకు రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. కంపెనీ వ్యవహారాల శాఖ వారి ఎంసీఏ పోర్టల్‌లో కంపెనీ పేరు కొట్టి చూస్తే ఛార్జ్, అంటే అప్పు కోసం కంపెనీ ఆస్తి మీద పెట్టిన తాకట్టు, నమోదైందో లేదో కనిపిస్తుంది. షేర్ల కేటాయింపు రిటర్ను, అంటే పాస్-3 ఫారం, వేశారేమో కూడా అక్కడే చూడొచ్చు. ఇంకో మాట. ఇలాంటి లోన్లకు బ్యాంకులు డైరెక్టర్ల పర్సనల్ గ్యారంటీ అడుగుతుంటాయి. “ఈ పేజీ స్కాన్ చేసి పంపు చెల్లీ” అని ఫోన్ వస్తే, మొత్తం కాగితం చదవకుండా సంతకం పెట్టవద్దు.

మళ్లీ మీటింగు పెడితే? పెట్టనివ్వండి, మీరు హాజరవండి, ఈసారి సరిగ్గా. వీడియోలో పాల్గొంటానని ముందే మెయిల్ పెట్టండి. జనవరిలో ఒకసారి చెబితే ఆ ఏడాదంతా వర్తిస్తుంది. చెప్పకపోతే మీరు స్వయంగా వస్తారనే అనుకుంటారు. “మా దగ్గర ఆ ఏర్పాట్లు లేవు” అని కంపెనీ అనడానికి లేదు. కంపెనీ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ. దాని గువాహటి బెంచి నుంచి అప్పీలుకు వచ్చిన ఒక కేసులో 2018 ఫిబ్రవరిలో అప్పీళ్ల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ, వీడియో ద్వారా పాల్గొనడం డైరెక్టరుకు చట్టం ఇచ్చిన హక్కు అని, రహస్యాలు బయటపడతాయన్న సాకుతో దాన్ని కాదనలేరని చెప్పింది.

సరైన వీడియో మీటింగు ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. మొదట చైర్మన్ హాజరు పిలుస్తారు. మీ వంతు వచ్చినప్పుడు మీరు పేరు చెప్పి, “డాలస్‌లో మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాను, అజెండా, కాగితాలన్నీ అందాయి, ఈ గదిలో నేను తప్ప ఇంకెవరూ లేరు” అనాలి. ఆ నాలుగూ రూలు అడిగే మాటలే. కాగితాలు అందకపోతే ‘అందలేదు’ అని అక్కడే అనండి, అది రికార్డులోకి వెళ్తుంది. మీవారు పక్క గదిలో టీవీ చూస్తుంటే ఫర్వాలేదు గానీ, మీ పక్కన కూర్చుని వినకూడదు. మాట తెగిపోతే మళ్లీ చెప్పమని చైర్మన్ అడగాలి. ఎవరైనా అభ్యంతరం చెబితే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఓటు నమోదు చేయాలి. ఒక్కో అంశం మీద చర్చ ముగియగానే ఏం తీర్మానించారో, ఎవరు వ్యతిరేకించారో చైర్మన్ పైకి చెప్పాలి. అర్ధరాత్రి పన్నెండున్నరకు పెడితే సమయం మార్చమని ముందే అడగండి. ఇండియాలో సాయంత్రం 7 అయితే మీకు పొద్దున ఎనిమిదిన్నర, అందరూ మేలుకుని ఉండే వేళ.

ఒక హెచ్చరిక చేయకుండా ముగించలేను. 12 నెలల్లో జరిగిన బోర్డు మీటింగులన్నిటికీ రాని డైరెక్టరు, సెలవు అడిగినా అడగకపోయినా, 167వ సెక్షన్ కింద పదవి కోల్పోతారు. ఫోన్ హాజరు కాదని మీరే అంటున్నారు కాబట్టి సంక్రాంతి తర్వాత మీరు ఫోన్లో ఉన్న మీటింగులు కూడా లెక్కలోకి రావు. సంక్రాంతి నాటి ఆ సంతకం మిమ్మల్ని ఇప్పటిదాకా కాపాడుతోంది. వచ్చే సంక్రాంతి లోపు ఒక్క మీటింగుకైనా వీడియోలో, రికార్డు మీద హాజరు కండి.

కోర్టు వద్దన్నారు. వాటాదారులకు అన్యాయం జరిగితే ఫిర్యాదు చేసే 241వ సెక్షన్ కింద, మీ 22 శాతంతో ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచికి వెళ్లే అర్హత మీకుంది, అందుకు 10 శాతం చాలు. షేర్లు నిజంగానే కేటాయించేస్తే అక్కడికి వెళ్లక తప్పకపోవచ్చు. ఇప్పటికైతే ఆ అవసరం వచ్చిందనుకోను. తన ఇంటి కంపెనీలో ఏం చేసినా సరిపోతుందని అనుకునే పెద్దన్నయ్యలు మోసం చేయాలనే చేస్తారని కాదు. చాలాసార్లు మినిట్స్ రాసిచ్చేది ఆఫీసు గుమాస్తా, పాత ఫైలు తెరిచి పేర్లూ తేదీలూ మార్చి. అందుకే మెయిల్ పంపేముందు పెద్దన్నయ్యకు ఒకసారి ఫోన్ చేయండి. “అన్నయ్యా, మినిట్స్‌లో తప్పులున్నాయి, నేను రాతలో జవాబిస్తున్నాను, నువ్వు వేరేవాళ్ల నోట వినకూడదని ముందే చెబుతున్నాను” అనండి. ఆయన ఏమన్నా, సర్దుకుందాం అన్నా, కోప్పడినా, మెయిల్ మాత్రం సోమవారం దాటకుండా పంపండి.